కాకరకాయ డబ్బా మీద రెండో సంతకం

నాకున్న భయాలన్నిటిలో పెద్దది ఇదీ: నేను ఏడో తరగతి దగ్గరే బడి మానేశానని మా రవళికి ఏదో ఒక రోజు తెలిసిపోతుంది.

బల్లులన్నా, హైవే దాటడమన్నా కూడా నాకు భయమే. కానీ బల్లి కనబడినప్పుడే బల్లి భయం. ఈ భయం మాత్రం పొద్దున పళ్లు తోముకునేటప్పుడే మొదలవుతుంది. ఎందుకంటే అబద్ధం ఆడింది నేనే. రవళి ఒకటో తరగతిలో ఉన్నప్పుడు "అమ్మా, నువ్వెంత సదివినవ్?" అని అడిగింది. చేతిలో చపాతీ పిండి ఉంది, ఆలోచించే తీరిక లేదు, "పది" అనేశాను. "ఫస్ట్ క్లాసా?" అంది. దానికీ అవుననేశాను.

ఇప్పుడు అది నాలుగో తరగతి. గురుకులంలో ఐదో తరగతి సీటు కోసం ప్రవేశ పరీక్ష రాయాలి. సీటొస్తే ఇంటర్ దాకా చదువు అక్కడే, నాలాగా మధ్యలో ఆగదు. ఎవరో వాడి వదిలేసిన గైడు ఒకటి సంపాదించాం. మా ఆయన పాండు పాశమైలారంలో ఒక కెమికల్ కంపెనీలో హెల్పరు. గైడు తిరగేసి, "లెక్కలు నేను సూస్త. తెలుగు మీ అమ్మ సూస్తది, పది ఫస్ట్ క్లాసు గదా" అని మీసాల చాటున నవ్వాడు. ఆయనకు నా సంగతంతా తెలుసు.

తెలుగులో పర్యాయపదాలే నాలుగు పేజీలు. జవాబుల పేజీలు ఎవరో ముందే చింపుకుపోయారు. రవళికి బళ్లో సారు చెబుతాడు. నాకెవరు చెబుతారు?

నేను పనిచేసేది మాత్రల ప్యాకింగ్‌లో. అక్కడ ఒకరు చేసిన పనిని ఇంకొకరు చూడందే డబ్బా గేటు దాటదు. ప్రతి కాగితం కింద రెండు గళ్లుంటాయి: చేసినవారు, సరిచూసినవారు. డ్రమ్ముకు లేబుల్, గిన్నెకు లేబుల్, చివరికి చీపురుకు కూడా లేబుల్. ఆ పద్ధతే ఇంటికి తెచ్చాను. రోజుకు ఐదు మాటలు. ఏ వస్తువు మాట అయితే ఆ వస్తువుకు కాగితం అంటించాలి. అసలు పేరు రాయకూడదు, పర్యాయపదాలే రాయాలి. కింద ‘చేసినవారు: రవళి’. నేను చూశాక ‘సరిచూసినవారు: అమ్మ’.

వారం తిరిగేసరికి పోతిరెడ్డిపల్లిలో మా రెండు గదుల కిరాయి ఇల్లు కాగితాలతో నిండిపోయింది. బిందెకు ఉదకం, సలిలం. పొయ్యికి అనలం, వహ్ని. ఫ్యాన్ రెక్కలకు పవనం, సమీరం. ఫ్యాన్ వేసినప్పుడల్లా ఒక సమీరం ఊడి పప్పులో పడేది. మా అత్త మొగులమ్మకు చదువు రాదు, కానీ చెవితో అందరికంటే ముందు ఆమే నేర్చింది.

"కోడలా, జెర ఆ సమీరం బంద్ వెట్టు, సలి వెడుతుంది" అనేది. నేను ఊడ్వడం ఆలస్యమైతే, "ధరణి ఊడ్సుడు లేదా ఇయ్యాల?" అని దెప్పేది. రవళి ఆమె జాకెట్ చేతికి ‘జనని, మాత’ అని అంటిస్తే, తీయకుండా అట్లాగే రేషన్ షాపుకు పోయి వచ్చింది. "అందరు నన్నే సూసిన్రు" అని రెండు రోజులు చెప్పుకుంది.

ఇక నా సంతకం. తెలిసిన మాటలకు చూసి పెట్టేదాన్ని. తెలియని మాటలకు ఇంకొంచెం ఎక్కువసేపు చూసి పెట్టేదాన్ని.

ఒక ఆదివారం నాకు సెలవు, పాండుకు డ్యూటీ. డబ్బాలో అన్నం, పైగిన్నెలో కాకరకాయ వేపుడు సర్దాను. కాకరకాయంటే రవళికి పడదు. ఆ డబ్బా మూత మీద కాగితం అంటించి పట్టుకొచ్చింది.

"అమ్మా, జల్దీ సూడు. నాన్న బస్సొస్తది."

‘గరళం, క్ష్వేళం’ అని ఉంది. నోట్లో రెండుసార్లు తిప్పుకుని చూశాను. ఏమీ తట్టలేదు. డబ్బాలో ఉన్నది కాకరకాయ. సంస్కృతంలో కాకరకాయకు ఇట్లాంటి గరుకు పేరే ఉండి ఉంటుంది. "ఇదేంది బిడ్డా" అని ఒక్క మాట అడిగితే చెప్పేది. పది ఫస్ట్ క్లాసు అట్లా ఎట్లా అడుగుతుంది? సంతకం పెట్టాను.

"కరెక్టేనా?" అంది రవళి, నా మొహంలోకి చూస్తూ.

"కరెక్టే. అక్షరాలు మాత్రం జెర సక్కగ రాయి."

అది కిసుక్కున నవ్వి పరుగెత్తింది. ఎందుకు నవ్విందో నాకప్పుడు అర్థం కాలేదు.

పదకొండు గంటలకు ఫోన్ వచ్చింది. పాండు వాళ్ల కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ యాదన్న.

"చెల్లె, జల్దీ రా. పాండు డబ్బా పట్టుకున్నరు."

"డబ్బా పట్టుకునుడేందన్నా?"

"అండ్ల ఇసం ఉందని రాసుంది గదా. కింద నువ్వే సంతకం వెట్టినవ్."

కాకరకాయలో విషమేమిటో అర్థం కాక, రవళిని రెక్క పట్టుకుని ఆటో ఎక్కాను. మేం వెళ్లేసరికి మా టిఫిన్ డబ్బా ఇసుక బకెట్‌లో కూర్చుని ఉంది. చుట్టూ ఎర్ర టేపు. ఒడిశా నుంచి వచ్చిన పనివాళ్లు నలుగురు దూరంగా నిలబడి చూస్తున్నారు. పాండు అరుగు మీద కడుపు పట్టుకుని కూర్చున్నాడు.

"నేనే సదివిన" అన్నాడు యాదన్న, మెడల్ వచ్చినవాడిలా. "ముప్పై ఏండ్ల సంది శివరాత్రికి బజన జేస్తున్న. గరళం అంటే ఇసమని నాకు తెల్వదా?"

"అన్నా, అది కాకరకాయనే. మూత తీసి సూడు" అన్నాడు పాండు.

"ఎవరూ మూత తీయొద్దు!" సేఫ్టీ ఆఫీసర్ సునీల్‌కుమార్ గారు ముందుకొచ్చారు. "డబ్బా మీద ఏం రాసి ఉంటే లోపల అదే ఉన్నట్టు. ట్రైనింగ్‌లో చెప్పానా లేదా పాండూ?"

"చెప్పిన్రు సార్. ఆకలైతుంది సార్."

ఆయన వంగి, దూరం నుంచే లేబుల్ చదివారు. "సరిచూసినవారు, అమ్మ. ఎవరీ అమ్మ?"

బడిపిల్లలాగా చెయ్యెత్తాను.

"చదివే సంతకం పెట్టారా?"

"సదివే వెట్టిన సార్."

"అర్థం?"

రవళి నన్నే చూస్తోంది.

"తెల్వదు సార్. కాకరకాయ పేరేమో అనుకున్న."

యాదన్న పడీ పడీ నవ్వాడు. ఆయన్ని చూసి ఒడిశావాళ్లు కూడా, ఏమీ అర్థం కాకుండానే, నవ్వారు. సునీల్‌కుమార్ గారు మాత్రం నవ్వకుండా ఒక ఫారం తీసి నా చేతిలో పెట్టారు. పేరు, ఊరు, జరిగింది, కారణం. అన్నీ నింపాను. చివరి గడి దగ్గర పెన్ను ఆగింది. చదువు.

పది అని రాయొచ్చు. ఎవరు అడుగుతారు? కానీ దాని కింద సునీల్‌కుమార్ గారు సరిచూసినట్టు సంతకం పెట్టాలి. తప్పు కాగితం మీద ఇంకొకరి సంతకం తీసుకోవడం మా ప్యాకింగ్‌లో దొంగతనం కంటే పెద్ద నేరం. పొద్దున నేను చేసింది కూడా దాదాపు అదే కదా అనిపించింది. రాసేశాను.

రవళికి ఈమధ్య కనబడ్డదల్లా పైకి చదవడం అలవాటు.

"చదువు: ఏడో తరగతి" అని చదివింది.

పాండు రోడ్డు వైపు చూశాడు. యాదన్న నవ్వు ఆపేశాడు.

సునీల్‌కుమార్ గారు గ్లౌజులు, మాస్కు వేసుకుని మూత తీశారు. "కాకరకాయే" అని ప్రకటించారు. అయినా ఆ లేబుల్‌తో లోపలికి పంపనన్నారు. పాండు గేటు దగ్గరే కూర్చుని తిన్నాడు. యాదన్న కూడా రెండు ముక్కలు నోట్లో వేసుకుని, "గరళం మంచిగున్నది చెల్లె" అన్నాడు.

ఆటో కంది ఊరు దాటాక రవళి నా వైపు జరిగింది. నేను కిటికీ లేని ఆటోలో కిటికీ కోసం వెతుక్కుంటున్నాను.

"అమ్మా, నేనిప్పుడు నాలుగు."

"ఊ."

"అచ్చే ఏడాది ఐదు. ఆ మీద ఏడాది ఆరు. ఆ మీద ఏడు." వేళ్లు మడిచింది. "ఇంక మూడేండ్లు నువ్వు నాకు సరిసూడొచ్చు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత నువ్వు రాయి, నేను సరిసూస్త." మడిచిన వేళ్లు విప్పి అడిగింది. "మరి ఫస్ట్ క్లాసన్నవ్?"

"ఏడుల మూడో ర్యాంకు" అన్నాను. ఇంత దూరం వచ్చాక ఇంకా అబద్ధమెందుకు?

ఆ రోజు నుంచి పద్ధతి మారింది. ముందు అది నాకు అర్థం చెప్పాలి, తర్వాతే నేను సంతకం పెట్టాలి. పరీక్షలో గరళం రాలేదట. వచ్చినవి వచ్చాయి, సీటూ వచ్చింది. జూన్‌లో ట్రంకుపెట్టె సర్దుకుని వెళ్లింది. ఇంట్లో కాగితాలు మాత్రం అత్త తీయనివ్వదు.

ఇప్పుడు భయం ఇంకోటి. వారానికి ఒకసారి ఫోన్ వస్తుంది. "ఎట్లున్నవ్?" అంటే "మంచిగున్న" అంటుంది. "తిన్నవా?" అంటే "తిన్న" అంటుంది. చేసినవారే చెబుతున్నారు, సరిచూసినవారు లేరు. అందుకని, ఇది చదివినవాళ్లెవరైనా జోగిపేట వైపు వెళ్తే, ఆడపిల్లల గురుకులం గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఐదో తరగతి రవళి అని అడగండి. చిక్కిందో లేదో, జడలు రెండూ సమంగా ఉన్నాయో లేదో, కాకరకాయ పెట్టిన రోజు పక్కపిల్ల పళ్లెంలో వేస్తోందో ఏమో, చూసి నాకు చెప్పండి.

చూడకుండా మాత్రం చెప్పకండి.