పసుపెక్కిన మడమ

“పోలీసట! తుపాకి పట్టుకొని వస్తున్నరట!” అని నర్సింగమ్మ ఫోను చెవి దగ్గర్నుంచి తీస్తూనే అరిచింది.

ఆమె కొడుకు శ్రీశైలం తిరుమలగిరి మార్కెట్ వెనక వడ్రంగి కొట్టం నడుపుతున్నాడు. ఆ మాట వినగానే చిత్రిక చేతిలోంచి జారిపోయింది. కొట్టంలో నాలుగు టేకు దుంగలున్నాయి. వాటికి బెరడు ఉంది గాని కాగితం లేదు. తల్లీకొడుకులిద్దరూ వాటిని పక్కింటి పశువుల పాకలోకి ఈడ్చి, పైన వరిగడ్డి కప్పి, చెమట తుడుచుకునేసరికి వాకిట్లో మోపెడ్ ఆగింది. దిగింది పోలీసు కాదు, మల్లప్ప. చంకలో దుప్పటి చుట్టిన పొడుగాటి మూట. “పోలీసులేరి?” అని నర్సింగమ్మ అతని వెనక్కి తొంగి చూసింది.

“పోలీసేంది? ఫోన్ల పాలిష్ అన్న! తుపాకి కట్టెకు పాలిష్ చేయాలె, తెస్తున్న అన్న.”

“నా నడుం ఇరిగింది గదరా మిలిట్రీ!” అన్నాడు శ్రీశైలం.

“నీ అవ్వకు చెవుడు, నీకు దొంగబుద్ధి. నడుం ఇరగక ఏమైతది?”

ఈ ప్రేమ కొత్తది కాదు. మూడేళ్ల కింద శ్రీశైలం చేసిన తలుపొకటి మొదటి వానకే ఉబ్బి బిగుసుకుంది. మల్లప్ప సగం రోజు స్నానాల గదిలో బందీగా ఉన్నాడు. ఆ తలుపు తలపుకొచ్చినప్పుడల్లా అతనికి రక్తం మరుగుతుంది. అయినా ఈ కొట్టానికే రావలసి వచ్చింది. ఊళ్లో మిగతా వడ్రంగులందరూ ప్లైవుడ్డు కోసి మేకులు కొట్టే రకం. పాత కట్టెలో పగులు అతికించగలిగినవాడు శ్రీశైలం ఒక్కడే.

మల్లప్ప ఇరవై రెండేళ్లు సైన్యంలో చేసి వచ్చి ఊళ్లో ఒక సహకార బ్యాంకుకు కాపలా ఉంటున్నాడు. అతని రైఫిల్ కూడా పదవీ విరమణ చేసినదే. సైన్యం వాడి వాడి పక్కన పెట్టాక లైసెన్సు మీద అతని చేతికి వచ్చింది. బ్యాంకులో అది ఒక్కసారీ పేలలేదు. మల్లప్ప రోజూ పేలేవాడు. గురి చూసిన దానికంటే దాన్ని ఆనుకుని గుర్రు పెట్టిందే ఎక్కువ. మొన్న తనిఖీకి వచ్చిన భద్రతాధికారి సుచరిత దాని మెడ దగ్గర చీలికను వేలితో తడిమి చూసింది. కట్టె నిండా నల్లటి జిడ్డు. “సోమవారం మళ్లీ వస్తాను. అప్పటికి ఇది బాగుపడకపోతే మీ బదులు ఏజెన్సీ వాళ్ల లాఠీ మనిషి వస్తాడు” అని చెప్పి వెళ్లింది.

అందుకని మడమ తిప్పని మల్లప్ప తుపాకీ మడమ విప్పి తెచ్చాడు. కట్టె మాత్రమే. “ఇనుమంత ఇంట్ల బీర్వాల ఉన్నది, తాళమేసిన. లైసెన్సు నాది. ఇనుము నువ్వు సూడనీకె గూడ లేదు” అన్నాడు.

“నీ మొఖమే సూడబుద్ధి కాదు, ఇంక నీ ఇనుమెందుకు?” అని శ్రీశైలం పని మొదలుపెట్టాడు.

పగిలిన గాజుపెంకుతో గీకుతుంటే యాభై ఏళ్ల జిడ్డు నల్లగా చుట్టలు చుట్టుకుని రాలింది. పగులులో జిగురు నింపి, సన్నని వెదురు చీల దిగ్గొట్టి, తాడుతో బిగించాడు. సొట్టలున్న చోట తడిగుడ్డ వేసి పైన వేడి ఇస్త్రీపెట్టె ఆనించాడు. ఆవిరికి కట్టె ఉబ్బి సొట్ట పైకి లేచింది.

“నా తలుపు గిట్లనే ఉబ్బింది” అన్నాడు ముక్కాలిపీట మీద కూర్చున్న మల్లప్ప.

“లోపల నువ్వున్నవని తెలిసి ఉబ్బింది. బయటికి రానియ్యొద్దని.”

కట్టెలో ఉన్నది పగులు, మనుషుల మధ్య ఉన్నది పగ. తోక ఒక్కటే తేడా. మొదటిదానికి జిగురు దొరికింది.

శనివారం మధ్యాహ్నానికి ఉప్పుకాగితం రుద్దడం పూర్తయింది. జిడ్డంతా పోయి కట్టె వేరుశనగ పొట్టు రంగులో తేలింది. ఇక అవిసెనూనె పట్టించడమే మిగిలింది. శ్రీశైలం నూనె తేవడానికి బజారుకు, మల్లప్ప చాయ్ తాగడానికి హోటలుకు, చెరో దిక్కు వెళ్లారు. ఒకే దిక్కు వెళ్లే మనుషులు కారు.

అప్పుడు నర్సింగమ్మ పసుపు గిన్నె పట్టుకుని వచ్చింది. నలభై ఏళ్లుగా ఆ కొట్టం నుంచి పసుపు పెట్టకుండా ఒక్క కట్టె బయటికి పోలేదు. దర్వాజ అయినా, నాగలి అయినా, ఉయ్యాల అయినా అంతే. ఆమె శ్రద్ధగా మడమ నుంచి మెడ దాకా తడిపసుపు పూసి, వరుసగా ఐదు కుంకుమ బొట్లు పెట్టింది. ఇంకా నూనె పట్టని ఒట్టి కట్టె ఆ పసుపును గటగటా తాగేసింది.

మల్లప్ప వచ్చి చూసి కొయ్యబారిపోయాడు.

“ఏందవ్వా ఇది? తుపాకికి పెండ్లి చేస్తున్నవా?”

“పసుపు లేక కట్టె కొట్టం దాటొద్దు బిడ్డా.”

“గిది గడప కాదు! తుపాకి!”

“తుపాకంటె ఇనుము. ఇనుము ఇంట్లనే ఉన్నదని నువ్వే అంటివి గద. గిది వట్టి కట్టె.”

నూనె డబ్బాతో అప్పుడే వచ్చిన శ్రీశైలానికి సంగతి అర్థమైంది. “జర ఆగు. ఒక్క పూట రుద్దితె పోతది. మల్ల నూనె పెడ్త” అన్నాడు.

“నువ్వు కావాలనే చేయించినవ్! నా కొలువు తీయించనీకె!” మల్లప్ప కట్టె లాక్కుని మోపెడ్ ఎక్కాడు.

“సబ్బు తాకియ్యకు బిడ్డా!” అని నర్సింగమ్మ వెనక నుంచి కేక వేసింది.

“మిలిట్రీల ఇరవై రెండేండ్లు బట్టలుతికిన! నాకు సబ్బు గురించి చెప్తవా?”

ఇంటికి వెళ్లి బట్టల సబ్బు పెట్టి రుద్దాడు. పచ్చగా ఉన్న కట్టె ఎర్రబడింది. మల్లప్పా ఎర్రబడ్డాడు. ఆదివారం ఉతికే సోడా కలిపి మళ్లీ ఉరిమి ఉరిమి ఉతికాడు. ఉతికిన కొద్దీ ఎరుపు ముదిరింది. దాన్నే ఆరబెట్టి, ఇనుముకు బిగించి, సోమవారం బ్యాంకు గుమ్మంలో నిలబడ్డాడు.

లోపలికి వస్తున్న మొదటి ఆమె తుపాకీ మడమ వైపు చూసి “అమ్మో, నెత్తురు!” అని కెవ్వుమంది. వరుస చెల్లాచెదురైంది. ఒకాయన పాసుబుక్కు నెత్తిన పెట్టుకుని బల్ల కింద దూరాడు. సరిగ్గా అప్పుడే సుచరిత జీపు దిగింది.

“ఏమిటిది మల్లప్పగారూ? ఎవర్ని కొట్టారు?”

“ఎవ్వర్ని కొట్టలే మేడం. ఆ వడ్రంగి శ్రీశైలం చేసిండు ఇదంత.”

“తుపాకీ ఇంకొకరి చేతికి ఇచ్చారా? లైసెన్సు మీ పేరు మీద కదా? అలాగైతే ఉద్యోగం సంగతి తర్వాత, ముందు కేసు చూసుకోవాలి.”

మల్లప్ప అటూ ఇటూ చూశాడు. తల్లిని పింఛనుకు తీసుకొచ్చిన శ్రీశైలం చెదిరిన వరుస చివర గోడకానుకుని ఉన్నాడు. ఇచ్చింది కట్టె ఒక్కటేనని చెప్పగలిగినవాళ్లు లోకంలో ఆ తల్లీకొడుకులే. మేడం ప్రశ్న వినబడింది కొడుక్కే.

“జర చెప్పు శ్రీశైలం” అన్నాడు మల్లప్ప పళ్ల సందునుంచి.

“చెప్త. ముందుగాల సబ్బు సంగతి నువ్వు చెప్పు. గట్టిగ. బల్ల కిందున్నాయనకు గూడ ఇనబడాలె.”

మల్లప్ప అతన్ని కాల్చేసేలా చూశాడు. చేతిలో తుపాకీ ఉంది గాని ఆ పని కళ్లకే వదిలేశాడు. తర్వాత మడమలు కలిపి, గుండె నిండా గాలి పీల్చి, కవాతు మైదానంలో లాగా గట్టిగా చెప్పాడు.

“ఇది నెత్తురు కాదు! అవ్వ పసుపు పూసింది! సబ్బు పెట్టొద్దన్నది! నేనే ఇనలె! నేనే ఉతికిన, రెండుసార్లు! పసుపుల సబ్బు కలిసి ఎర్రగైంది!”

“ఇంక?” అన్నాడు శ్రీశైలం.

“తప్పు నాది!”

“గదీ. మేడం, నా కొట్టానికి వచ్చింది కట్టె ఒక్కటే. ఇనుము తాళంల పెట్టి వచ్చిండు. గంత తెలివి మాత్రం ఉన్నది.”

సుచరిత ముఖంలో నమ్మకం ఇంకా సగమే కుదిరింది. నర్సింగమ్మ ముందుకొచ్చింది. పొద్దున్నే బ్యాంకు గుమ్మానికి కట్టిన దండలోంచి నిమ్మకాయ తెంపి, పంటితో కొరికి, మడమ మీద పిండింది. రసం పడిన చోటల్లా ఎరుపు విరిగి పసుపు తేలింది. బల్ల కిందాయన బయటికి వచ్చి మరీ చూశాడు.

సుచరిత తుపాకీ మెడ పట్టుకుని వంచింది, లాగింది, వేలితో తడిమింది. చీలిక చేతికి తగల్లేదు. “కట్టె గట్టిగా ఉంది. మీరు ఉండొచ్చు” అని కాగితం మీద రాసి, వెళ్తూ వెళ్తూ ఆగింది. “కానీ బ్యాంకు మూసేదాకా వచ్చిన ప్రతి మనిషికీ ఇది రక్తం కాదని మీరే చెప్పాలి. ఎవరూ భయపడి వెనక్కి పోకూడదు.”

మల్లప్ప మళ్లీ గుమ్మంలో నిలబడ్డాడు. శ్రీశైలం పని లేకపోయినా ఎదురుగా బెంచీ మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. సంచితో ఒక రైతు లోపలికి రాబోయి మడమ చూసి అడుగు వెనక్కి వేశాడు.

“పసుపు వాళ్లది. సబ్బు నాది. లోపలికి పోన్రి” అన్నాడు మల్లప్ప.

“ఇనబడలే” అన్నాడు శ్రీశైలం.