దుప్పి అనుకుని

నేను ఒక విల్లును. విల్లు అనగానే మీకు పటాల్లో దేవుళ్ల భుజాన మూడు వంపులు తిరిగి మెరిసిపోయేది గుర్తొస్తుందేమో. నేను అలా ఉండను. నేను కోయవాళ్ల విల్లును. నారి బిగిస్తే కాస్త వంగుతాను, విప్పేస్తే మామూలు కర్రను. ఆ నారి కూడా దారం కాదు, వెదురు బద్దే. ఇప్పుడు నా నడుముకి ఒక అట్టముక్క వేలాడదీశారు. దానిమీద నంబరు వేసి, సంతకం పెట్టి, లక్క ముద్ర కొట్టారు. ఇంత మర్యాద నన్ను చేసినవాడు కూడా చేయలేదు.

నన్ను చేసినవాడు సోడి సింగయ్య. వాగు అవతల గుట్టమీద ముదురు వెదురు వెతికి నరికి, చీల్చి, పొయ్యిమీది అటక మీద పడేశాడు. ఒక వానాకాలమంతా ఆ పొగ పీల్చుకుంటూ పడి ఉన్నాను. కింద జావ ఉడికేది, సింగయ్య పెళ్లాం తిట్లు ఉడికేవి. ఎండాకాలం వచ్చాక దింపి, కత్తితో గీకి, ఆముదం పట్టించి నన్ను విల్లును చేశాడు. నాతో అతను పెద్దగా వేటాడింది లేదు. చెప్పుకున్నది మాత్రం చాలా ఉంది. ఇప్పసారా తాగి కూర్చుంటే తాను పడగొట్టిన అడవిపంది కథ మొదలుపెట్టేవాడు. ఆ పంది ఏడాదికేడాది బలిసిపోయి, నేను అతని చేతిలోంచి వెళ్లిపోయేనాటికి దున్నపోతంత అయింది. నాకు నోరు లేదు కాబట్టి ఆ కథ బతికిపోయింది.

భుజం పట్టు తప్పాక అతను నన్ను మేనల్లుడు జోగయ్య చేతిలో పెట్టాడు. "అల్లుడా, నీ అత్తకన్నా ఇదే నయం. ఎంత లాగినా కసరదు" అన్నాడు.

జోగయ్య మాటలు తక్కువ మనిషి. రోజంతా కలిసి తిరిగినా రెండు ముక్కలు మాట్లాడితే గొప్ప. గురి అంటే మాత్రం అతనిదే గురి. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, ఊపిరి బిగబట్టి నన్ను లాగితే నా ఒళ్లంతా అతని చేతిలో ఒదిగిపోయేది. అతని మాటలన్నీ దూలయ్య మాట్లాడేవాడు. దూలయ్య అతనికి వరసకు బావ, చిన్నప్పటి నుంచీ జతగాడు. వాడి గొంతులో అడవి మొత్తం ఉండేది. నెమలిలా కూసేవాడు, కొండముచ్చులా కసిరేవాడు, ఫారెస్టు గార్డు దగ్గినట్టు దగ్గి ఊళ్లోవాళ్లను పొదల్లోకి పరుగెత్తించేవాడు. అన్నిటికన్నా వాడికి పేరు తెచ్చింది దుప్పి అరుపు. తొలకరికి ముందు మగ దుప్పులకు మదమెక్కుతుంది. మేత మానేసి, కొమ్ములతో మొక్కల్ని చీరేస్తూ, ఆడదానికోసం గొంతు చించుకుంటూ తిరుగుతాయి. ఇంకో మగదాని అరుపు వినబడితే చాలు, కయ్యానికి ఎదురొస్తాయి. దూలయ్య దోసిలి నోటికి అడ్డం పెట్టి ఆ అరుపు అరిస్తే ఊళ్లో కుక్కలు లేచి నిలబడేవి.

వీళ్లిద్దరికీ తోడు కన్నయ్య. జాగ్రత్త మనిషి. ఆకు కదిలినా ఆగి చూసేవాడు. ఈ ముగ్గురూ ఒక జట్టు.

మా ఊళ్లో భూమి పండుగ దుప్పులు మదమెక్కే రోజుల్లోనే వస్తుంది. మగవాళ్లంతా విల్లంబులు పట్టుకుని అడవికి పోవాలి. వేట తెచ్చాక దాని రక్తం విత్తనాల్లో కలిపి ఊరిపెద్ద ఇంటింటికీ పంచుతాడు. అప్పటిదాకా ఎవరూ విత్తనం ముట్టకూడదు. వట్టి చేతులతో వస్తే ఆడవాళ్లు ఊరి మొగదల కుండల్లో పేడనీళ్లు కలుపుకుని కాచుకుని ఉంటారు. నెత్తిన కుమ్మరించి, చీరలు కట్టుకోమని పాటలు కడతారు. సరదాకే లెండి. కానీ వరసగా రెండేళ్లు పేడనీళ్లు పడితే ఆ సరదా ఎవరికి మిగులుతుంది? అడవిలో జంతువు తగ్గిపోయింది. వేట నేరమని ఫారెస్టువాళ్లు వెంటపడుతున్నారు. మూడో ఏడూ అలాగే వస్తామేమోనని ముగ్గురికీ గుబులు. పైగా ఆ ఏడు మబ్బులు ముందే కమ్ముకొచ్చాయి. వాన పడితే పదునులో విత్తనం వేయాలి. విత్తనం కదలాలంటే రక్తం కావాలి. ఊరంతా వీళ్ల దారి చూస్తోంది.

అడవిలో తిరిగి తిరిగి కాళ్లు పడిపోయాయి. తెచ్చుకున్న జావ అయిపోయింది. మిగతా జట్లన్నీ నక్కని కూడా చూడకుండా దిగిపోయాయి. ఆఖరికి ఒక ఉదయం, కొండవాగు పక్క వెదురుపొదల అవతల నుంచి దుప్పి అరిచింది. అసలైన దుప్పి. ముగ్గురి మొహాల్లోకీ ప్రాణం వచ్చింది.

"బావా, నువ్వు ఇక్కడ రాయెనక కూసో. నేను వాగు అవతల్నించి పిలుస్తా. నా మీదికి రాబోయి నీ ముందు నించే పోతది" అన్నాడు దూలయ్య గుసగుసగా.

"జాగా మారొద్దురా. ఎక్కడ కూసున్నోడు అక్కడే" అన్నాడు కన్నయ్య. అది వేటగాళ్ల కట్టుబాటు. పిలిచేవాడు చోటు మారకూడదు, కొట్టేవాడు చోటు మారకూడదు. తలాడించి దూలయ్య వాగు దాటాడు. వాడి చేతిలో ఎప్పుడో ఊడిపడిన దుప్పికొమ్ము ఒకటి ఉంది. దానితో మొక్కల్ని గీకితే నిజం దుప్పి గీకినట్టే ఉంటుంది.

వాడు పిలిచాడు. దుప్పి బదులు పలికింది. మళ్లీ పిలిచాడు. ఈసారి దుప్పి గొంతు ఇంకో వైపు నుంచి, దూరంగా వినబడింది. అది మా వైపు రాకుండా పక్కకు తప్పుకుంటోంది. తరవాత చాలాసేపు ఏ అలికిడీ లేదు. జోగయ్య అరచేతి చెమట నాకు అంటుకుంది. అతని గుండె కొట్టుకోవడం నా కర్రలో తెలుస్తోంది.

దూలయ్య చేసింది తరవాత అందరికీ తెలిసింది. దుప్పి తప్పించుకుపోతుంటే వాడు ఓర్చుకోలేకపోయాడు. బావ ముందుకు దాన్ని ఎలాగైనా తేవాలనుకున్నాడు. చప్పుడు కాకుండా వాగు ఇవతలికి వచ్చి, జోగయ్యకు అల్లంత దూరంలో పొదలో దూరి, వంగి, కొమ్ముతో మొక్కను చీరుతూ అరిచాడు. వాడి జన్మలో అంత బాగా ఎప్పుడూ అరిచి ఉండడు.

పొద ఊగింది. ఆకుల పైన కొమ్ము కొన కదిలింది. ఎర్రటి ఎండుటాకుల సందున ఎర్రటి ఒళ్లు కనబడింది. జోగయ్య నన్ను లాగాడు. నేను ఒంగాను. అతను వదిలాడు.

పొద వెనక పడిన దుప్పి, "బావా" అని అరిచింది.

ఆ అరుపు ఎలా చెప్పను? నన్ను అక్కడే పడేసి జోగయ్య పరుగెత్తాడు. అంబు తొడ వెనక నుంచి దిగబడి ఉంది. దూలయ్య బోర్లా పడి, గుప్పెళ్లతో గడ్డి పీకుతున్నాడు. జోగయ్య తువ్వాలు చింపి తొడకు పైన బిగించి కట్టాడు. "నేను దుప్పి అనుకున్న, బావా. దుప్పి అనుకున్న" అదే మాట. జన్మలో అన్ని మాటలు అతను ఆ ఒక్క పూటలోనే మాట్లాడాడు.

కన్నయ్య అంబు పుల్లను తొడ దగ్గర విరిచేశాడు. వెదురుబొంగు నరికి, పంచెలు రెండూ ముడేసి డోలీ కట్టారు. ఎండ, ఈగలు తగలకుండా దూలయ్య మీద ఆకుల కొమ్మలు కప్పారు. కన్నయ్య నన్ను చూసి, "విల్లు వాగులో పారెయ్యి. దొరికితే జైలే" అన్నాడు. జోగయ్య వినిపించుకోలేదు. నన్ను ఎందుకు భుజాన వేసుకున్నాడో అతనికీ తెలియదు. అలవాటు. బొంగుకు చెరో వైపు భుజం పెట్టి దిగడం మొదలుపెట్టారు. ఆకుల్లోంచి రక్తం బొట్లు బొట్లుగా దారిమీద పడుతోంది. ముందు దూలయ్య మూలిగేవాడు. తరవాత అదీ లేదు.

ఊరి మొగదల ఆడవాళ్లు కుండలతో నిలబడి ఉన్నారు. దూరం నుంచి వాళ్లకు ఏం కనబడింది? వంగిపోయిన ఇద్దరు మగవాళ్లు, మధ్యలో బొంగు, బొంగుకు వేలాడుతూ ఆకులు కప్పిన బరువు, కింద కారుతున్న రక్తం. రెండేళ్ల తరవాత ఊరికి వేట వచ్చింది. ఎవరో డోలు మోగించారు. ఆడవాళ్లు పేడనీళ్ల కుండలు దించేసి, ఒకరి నడుము ఒకరు పట్టుకుని వేట పాట ఎత్తుకున్నారు. అందరికన్నా ముందు దూలయ్య పెళ్లాం ముత్తమ్మ నవ్వుతూ పరుగెత్తుకొచ్చింది.

"మా ఆయన ఏడీ? పిలిచింది మా ఆయనే గదా?" అంటూ ఆకులు తప్పించింది.

వెనకవాళ్ల పాట ఇంకాసేపు ఆగలేదు. వాళ్లకు కనబడలేదు మరి. ముత్తమ్మ మాత్రం అరవలేదు. జోగయ్యను చూసింది, అతని భుజాన ఉన్న నన్ను చూసింది. అర్థమైపోయింది. ఆ చూపును నేను ఇంతవరకూ మరిచిపోలేదు.

రోడ్డుమీద ఆటో దొరికింది. దారిలో కన్నయ్య అందరి చేతా ఒట్టేయించుకున్నాడు. "వెదురు మొన దిగిందని చెప్పాల. వేట అంటే దూలయ్యని గూడా లోపలేస్తరు." ముత్తమ్మ కూడా ఊఁ అంది. నన్నూ, మిగిలిన ఒక్క అంబునూ గోనెలో చుట్టి సీటు కిందికి తోశారు. పట్నంలో ఆసుపత్రి ముందు దూలయ్యను దించి లోపలికి తీసుకుపోయారు. నేను చీకట్లో పడి ఉన్నాను. అంబు ములికికి వెనక్కి తిరిగిన కొక్కేలు ఉంటాయి. దిగడం సులువు, వెనక్కి లాగితే కండా నరమూ చీల్చుకుంటూ వస్తుంది. ఆ మాట లోపల ఉన్న డాక్టరుకి ఎవరూ చెప్పరు. చెప్పకూడదని ఒట్టు వేసుకున్నారు. నా బతుకులో అంతగా కుమిలిపోయిన పూట లేదు.

ఇంతలో గోనె ఊడింది. జోగయ్య! నన్నూ అంబునూ లాక్కుని తలుపులు తోసుకుంటూ లోపలికి పడ్డాడు. డాక్టరమ్మ చేతిలో పట్టకారు ఉంది. పుల్ల మొదలు పట్టుకోబోతోంది.

"లాగొద్దమ్మా! వెదురు కాదు. అంబు. నా అంబు. నేనే కొట్టిన. కొక్కేలుంటయి, లాగితే సచ్చిపోతడు" అని అంబును ఆమె ముందు పెట్టాడు. కన్నయ్య తల పట్టుకుని గోడకు చేరగిలబడ్డాడు. ఆమె ములికిని ఒక్కసారి తడిమి చూసింది. "ఈ మాట ఇప్పుడా చెప్పేది!" అని గట్టిగా కసిరి, పట్టకారు పక్కన పడేసి, ఆపరేషన్‌కు సిద్ధం చేయమంది.

ప్రాణం దక్కింది. కాలు దక్కలేదు. తొడ దాకా తీసేశారు.

పోలీసులు వచ్చేదాకా జోగయ్య ఆ మంచం పక్కనే నేలమీద కూర్చున్నాడు. దూలయ్యకు తెలివి వచ్చింది. "బావా" అన్నాడు జోగయ్య. దూలయ్య మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "తిట్టు బావా. ఒక్క మాటన్నా తిట్టు." అడవిలో ఉన్న ప్రతి గొంతూ తెలిసిన మనిషి ఒక్క మాటా పలకలేదు. పోలీసులు వచ్చి నన్నూ, జోగయ్యనూ కలిపే తీసుకుపోయారు.

ఆ ఏడు ఊరిపెద్ద ఒక కోడిని కోసి, ఆ రక్తాన్నే విత్తనాల్లో కలిపాడట. బెయిలు కోసం స్టేషనుకు వచ్చిన కన్నయ్య చెబుతుంటే విన్నాను. వానలు కూడా బాగానే పడ్డాయట. కోడితో సరిపోయేదే అయితే ముందే కోయకూడదా అని అడగడానికి నాకు నోరు లేదు. ఉన్నవాళ్లూ అడగలేదు.

కోర్టులో నన్ను బల్లమీద పెట్టారు. జోగయ్య బోనులో నిలబడి ఉన్నాడు, చిక్కి సగమయ్యాడు. దూలయ్య చంకకర్ర మీద వచ్చాడు. ఈ మధ్యలో ఒక్కసారీ జోగయ్యను చూడటానికి రాలేదు. వెనక ముత్తమ్మ. "ఉన్నదున్నట్టు చెప్పు. వాడు కుళ్లాల జైల్లో" అని గుమ్మం దాకా చెబుతూనే ఉంది.

సర్కారు వకీలు నన్ను ఎత్తి చూపించాడు. "ఈ విల్లు ఎవరిది?"

దూలయ్య నన్ను చూశాడు. "నాది సారూ" అన్నాడు.

వకీలు కాగితాలు తిరగేశాడు. జడ్జిగారు కళ్లజోడు సర్దుకున్నారు. "నీదా? మరి నిన్ను కొట్టింది ఎవరు?"

"నేనే ఏసుకున్న సారూ."

"తొడ వెనక?"

"కొంచెం ఒంగిన సారూ."

కోర్టంతా గొల్లుమంది. బంట్రోతు కూడా నవ్వాడు. జడ్జిగారు నవ్వు ఆపుకుని, "చూడు, వేటకు వెళ్లానని ఒప్పుకుంటే నీకూ శిక్ష పడుతుంది. కాలు పోయింది, నీమీద కేసు వద్దనే అనుకుంటున్నాం. అతని విల్లని చెప్పి ఇంటికి వెళ్లు" అన్నారు మెల్లగా.

దూలయ్య కర్ర మీద బరువు మార్చుకున్నాడు. అప్పుడు మొదటిసారి బోనువైపు చూశాడు.

"వాడికి మాటలు రావు సారూ. జైల్లో ఒక్కడే ఎట్లుంటడు? ఎవరితో మాట్లాడతడు?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. జోగయ్య బోను చెక్క పట్టుకుని, పసిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ముత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇద్దరికీ శిక్ష పడింది. దూలయ్యకు కాస్త తక్కువ. మెట్లు దిగేటప్పుడు దూలయ్య చంకకర్రను ముత్తమ్మ చేతికి ఇచ్చేసి, జోగయ్య మెడచుట్టూ చెయ్యి వేశాడు. జోగయ్య అతన్ని దాదాపు మోసుకుంటూ జీపు ఎక్కించాడు. నన్ను కోర్టువాళ్లు సాక్ష్యాల సామాను దాచే ఈ గదిలో పడేశారు. నా నారి ఎండి తెగిపోయింది, చెదలు పట్టాయి. ఆసుపత్రిలో ఒకడూ, కోర్టులో ఒకడూ నాదన్న విల్లును అడగడానికి ఇంతవరకూ ఎవరూ రాలేదు. రాకపోవడమే మంచిది.