పిల్నామ్ విత్తన దుంపలు

ఏప్రిల్ మొదటివారంలో దల్సూ నారుమడి తవ్వి చూశాడు. విత్తన దుంపలు పాతి నాలుగు వారాలైంది. ఈపాటికి వేలెడు మొలకలు రావాలి. ఒక్కటీ రాలేదు. ఒక దుంప చేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కాడు. ఎర్రటి తోలు చిట్లి వేలు లోపలికి దిగింది. లోపల నల్లటి నీళ్లు, ముక్కు పగిలే కంపు.

రెండోదీ అంతే. నలభై దుంపలూ అంతే.

"ముదనష్టపు ఎరువు," అని తిట్టాడు. మడి మీద కప్పిన ప్లాస్టిక్ పట్టాను తిట్టాడు. దాన్ని అమ్మిన రేవు దగ్గరి కొట్టువాణ్ణి తిట్టాడు. తిట్టాల్సిన మనిషి పేరు మాత్రం నోట్లోకి రానివ్వలేదు.

ఆ దుంపలు ఆయన భార్య పిల్నామ్‌వి. నలభై రెండేళ్ల కిందట ఎదుటి దీవి నుంచి కాపురానికి వస్తూ పావడా చెరగులో పదకొండు దుంపలు మూటగట్టి తెచ్చుకుంది. దీవిలో అందరూ ఎప్పుడో తేనెలా కారే మెత్తటి రకానికి మారిపోయారు. పడవల్లో వచ్చే టౌను జనానికి అదే ఇష్టం. పిల్నామ్ మారలేదు. ఆమె చిలగడదుంప ఉడికితే పిండిలా విచ్చుకునేది. పక్కన పులిసిన ముల్లంగి కిమ్చి నీళ్లు లేకపోతే గొంతులో అడ్డం పడేది. శరదృతువులో బిళ్లలుగా కోసి బండల మీద సముద్రపు గాలికి ఒరుగులు పెట్టేది. చలికాలం ఆ ఒరుగులు, బొబ్బర్లు, కొర్రలు వేసి జావ కాచేది. పోయిన నవంబరులో, చివరి నెలంతా ఆమె గొంతు దిగింది ఆ జావ ఒక్కటే.

వచ్చే నవంబరులో ఆమె మొదటి సంవత్సరీకం. ఆమెకు పెట్టే పళ్లెంలో చేప ఉన్నా లేకపోయినా, బేరిపళ్లు ఉన్నా లేకపోయినా, ఆ జావ ఉండాలని దల్సూ తీర్మానించుకున్నాడు. ఆమె పోయాక ఆయన తీర్మానించుకున్నది అదొక్కటే. ఈ ఏడు పంట లేకపోతే జావ లేదు. జావ సంగతి అలా ఉంచితే, ఆ దుంప అన్నదే భూమ్మీద ఉండదు.

అవి ఎందుకు కుళ్లాయో ఆయనకు తెలుసు. ఆ దీవిలో విత్తన దుంపలు చలికాలమంతా మనుషులతోపాటే కాపురం చేస్తాయి. పెరటి పొయ్యిలోంచి నేల కింద మంట పారే లోపలి గదిలో, జొన్న చొప్పతో అల్లిన గాదెలో, పడుకున్నవాళ్ల తల దగ్గర. చలి తగిలితే పైకి ఏమీ కనిపించదు. తోలు నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల చచ్చిపోతుంది. పిల్నామ్ పోయింది ఆ గదిలోనే. కొండ మీద మట్టి కప్పి వచ్చిన మూడో రోజు దల్సూ పొయ్యి ఆర్పేసి, తలుపు మూసి, కరెంటు దుప్పటి చంకన పెట్టుకుని బయటి గదికి మారాడు. మళ్లీ మార్చి దాకా ఆ తలుపు తియ్యలేదు.

కుళ్లిన దుంపలు బకెట్లో వేసుకుని పారబొయ్యడానికి పెరటిగోడ దాకా వెళ్లాడు. అవతల వదిన పెరడు. అన్న పోయాక ఆవిడ కొండవాలు మీది పై మడిని టౌనువాడికెవడికో అమ్మింది. తండ్రి రాళ్లు మోసి కట్టిన మడి అది. ఆ రోజు నుంచి ఆ గడపలో నీళ్లు ముట్టనని దల్సూ ఒట్టేసుకున్నాడు. పదకొండేళ్లు మాట లేదు.

వదిన మల్‌రే నారుమడి ముందు గొంతుక్కూర్చుని ఉంది. మడి నిండా మొలకలు. కప్పకాళ్లలా చీలిన ఆకులు, తొడిమ దగ్గర ఊదారంగు చుక్క. దీవిలో ఆ ఆకు ఇంకెవరికీ లేదు.

"అవెక్కడివి?" అన్నాడు దల్సూ.

ఆవిడ తల ఎత్తలేదు. "పదకొండేళ్లకి నోరు విప్పావు. దానికి కూడా పలకరింపు లేదు."

"ఎక్కడివని అడుగుతున్నాను."

"నేలలోంచి వచ్చాయి. దుంపలు అలాగే వస్తాయి మరిదీ. నీకేం తెలుసులే, పండించింది నీ పెళ్లాం కదా."

"పిల్నామ్ ఇచ్చిందా మీకు?"

"ఏటేటా ఇచ్చేది. ఈ గోడ మీంచే. నువ్వు వలకి పోయిన పూట."

దల్సూకి చెంప మీద కొట్టినట్టయింది. ఆ ఇంటికి తీగ ముక్క కాదు కదా ఎండుటాకు కూడా పోకూడదని తను చెప్పాడు. పిల్నామ్ తలూపింది. పదకొండేళ్లు తలూపుతూనే ఉంది.

"ఇటివ్వండి," అన్నాడు.

"ఏంటివ్వాలి?"

"అవి మావి."

"మీవా? మరి మీవి ఏమయ్యాయి? ఆ బకెట్లో ఏంటి కంపు కొడుతోంది?"

"ఎరువు మంచిది కాదు."

మల్‌రే అప్పుడు లేచింది. మోకాలు పట్టుకుని, గోడ ఆసరాతో. "ఎరువా! చలికాలమంతా మీ గొట్టంలోంచి పొగ రాలేదు. దీవి దీవంతా చూసింది. నువ్వు ఎరువు మీదికి తోస్తున్నావు."

"చూసినదానివి, చూసినవారు, చెప్పొచ్చుగా!" కోపంలో ఆయన మర్యాద తడబడింది.

"చెబితే వినేవాడివా? నా గొంతు వినపడితే ఉమ్మేసేవాడివి. ఇంతకీ నేను చూడ్డం కాదు, నీ పెళ్లాం, ఆ పిల్ల ముందే చూసింది. పోయేముందు ఇదిగో, ఇక్కడే నిలబడి చెప్పింది. 'నన్ను పూడ్చిన మూడో రోజుకే ఆయన ఆ గదిలో పొయ్యి ఆర్పేస్తాడక్కా, దుంపలు చచ్చిపోతాయి, నీ దగ్గరివి జాగ్రత్త' అంది. అడిగితే ఇమ్మంది కూడా. అడిగితేనే. 'ఇటివ్వండి' అనడం అడగడం కాదు."

దల్సూ బకెట్ అక్కడే గోడ పక్కన కుమ్మరించి వెనక్కి తిరిగాడు. కంపు ఆవిడ వైపు పోయేలా గాలి చూసి మరీ కుమ్మరించాడు.

మే నెలలో రేవు కొట్టుకి నాటే తీగలు వచ్చాయి. తేనె రకం, కట్టలు కట్టలు. దల్సూ ఒక కట్ట ఎత్తి, ఆకు చూసి, కింద పడేసి వచ్చాడు. బోదెలు చేసి పెట్టుకున్నాడు. ఖాళీ బోదెలు. రోజూ వాటిలో గడ్డి పీకాడు. గోడ అవతల తీగలు జానెడయ్యాయి, మూరెడయ్యాయి. జూన్ పదిహేను దాటితే నాటి లాభం లేదు. చలి వచ్చేలోగా దుంప ఊరదు.

మంగళవారం మంగళవారం వదిన తోంగ్యోంగ్ టౌనుకి పోయే పడవెక్కి మోకాలికి సూది వేయించుకోవడానికి వెళుతుందని దల్సూకి తెలుసు. జూన్ రెండో మంగళవారం, పడవ పోయే వేళ దాటాక అరగంట ఆగి, కత్తెర తీసుకుని గోడ దూకాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. చొక్కా మోచేతి దగ్గర చిరిగింది. వంగి ఒక్కొక్క తీగే కత్తిరించసాగాడు. పదిహేడో తీగ మీద కత్తెర ఉండగా వెనక నుంచి గొంతు వినిపించింది.

"పొగమంచు చూసుకోలేదా మరిదీ? పడవ లేదు ఇవాళ."

దల్సూ పదిహేడో తీగ కూడా కత్తిరించాడు.

"నలభై ఏళ్లు సముద్రం మీద బతికినవాడివి, గడియారం చూసి దొంగతనానికొచ్చావా? ఆకాశం చూడొద్దూ?" మల్‌రే దగ్గరికొచ్చి ఆయన చేతిలోంచి ఒక తీగ లాక్కుని చూసింది. "ఇదేం కోత? కొన నుంచి కోయాలి, ఏడెనిమిది కణుపులుండేలా. నువ్వు నడిమికి నరికావు. దొంగతనం కూడా చేతకాదు నీకు."

"పోలీసుల్ని పిలుచుకోండి."

"ఎందుకూ, పొగమంచులో వాళ్లకీ పడవ ఉండదు. అవి కింద పెట్టు. లేచి నిలబడు. అడుగు."

ఆయన లేచాడు. మోకాళ్లు పటపటమన్నాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"వదినా," అన్నాడు.

"ఊఁ."

"తీగలు ఇవ్వండి."

"ఏం తీగలు? రేవు కొట్లో లేవా?"

"పిల్నామ్ తీగలు. మా దగ్గర లేవు. నేనే చంపుకున్నాను."

చివరి మాట అనాలనుకోలేదు. వచ్చేసింది. ఆవిడ ముఖం కరుగుతుందేమో అని భయపడ్డాడు. కరిగి ఉంటే ఆ తీగలు అక్కడే పారేసి పోయేవాడు. మల్‌రే ముఖం ఎప్పట్లాగే ఎండు చేపలా ఉంది.

"ఇప్పుడు కాస్త అడిగినట్టుంది," అని ఆయన చేతిలోంచి కత్తెర తీసుకుని యాభై తీగలు కొన నుంచి కోసిచ్చింది. "మంచినీళ్లు తాగుతావా?"

"తాగను."

"తెలుసు. ఊరికే అడిగా."

ఆ మధ్యాహ్నమే నాటాడు. తీగను పడుకోబెట్టి, కొన మాత్రం పైకి ఉంచి, మన్ను అదిమాడు. వానలు వెళ్లాక తీగలు ఎత్తి అటుపక్కకి తిప్పాడు, కణుపుల దగ్గర కూడా వేళ్లు దిగి బలం పంచుకోకుండా. గోడ మీద నుంచి మాటలు పడుతూనే ఉన్నాయి. "ఎత్తమన్నాను గానీ పీకమన్నానా?" "ఆకు మీద కోపం చూపించకు, అది నీ పెళ్లాం కాదు." ఆయన వినపడనట్టు తిరిగేవాడు. పని మాత్రం ఆవిడ చెప్పినట్టే మార్చేవాడు. అలా మార్చినందుకు సాయంత్రం దాకా తనను తనే తిట్టుకునేవాడు.

అక్టోబరులో తీగ కోసి, బోదె పక్క నుంచి గునపం దించాడు. మొదటి దుంపకే గాటు పడింది. తెల్లటి పాలు కారాయి. తరవాతవి చేత్తో తవ్వాడు. వానలు వెళ్లాక మళ్లీ చినుకు పడక దుంపలు పిడికెడు పిడికెడే ఊరాయి. కానీ అవే. సన్నగా ఉన్నవాటిని ఒరుగులు కోశాడు. మచ్చలేని ముప్ఫై దుంపలు విత్తనానికి ఏరి పక్కన పెట్టాడు.

సంవత్సరీకం నాటి ఉదయం జావ కాచాడు. పిల్నామ్ కాస్తుంటే నలభై రెండేళ్లు తిన్నాడే గానీ ఒక్కసారీ కుండలోకి తొంగి చూడలేదు. ఒరుగులు, బొబ్బర్లు, కొర్రలు అన్నీ ఒకేసారి వేశాడు. అడుగంటింది. పైదంతా ఒక గిన్నెలోకి తీసి పళ్లెం మీద పెట్టి దణ్ణం పెట్టాడు.

పిలవకుండానే మల్‌రే వచ్చింది. ఇంటి పెద్దకోడలు. ఆపే హక్కు ఆయనకు లేదు. ఆవిడా దణ్ణం పెట్టి, గిన్నె అందుకుని ఒక చెంచా నోట్లో పెట్టుకుంది.

"బొబ్బర్లు రాళ్లలా ఉన్నాయి. ముందురోజే నానబెట్టాలి."

"మిమ్మల్నెవరు తినమన్నారు?"

"మాడు వాసన కూడా. పాపం ఆ పిల్ల, చచ్చాక కూడా నీ చేతివంట తినాల్సొచ్చింది." అంటూనే గిన్నె ఖాళీ చేసింది. దల్సూకి ఆ ఖాళీ గిన్నె చూస్తే ఇంకా ఒళ్లు మండింది.

"విత్తనానివి ఎక్కడ?" అంది మల్‌రే.

బయటి గదిలో, అట్టపెట్టెలో, కరెంటు దుప్పటి మీద ఉన్నాయి. ఆవిడ చూసి నోరు తెరిచింది. "దుంపల్ని దుప్పటి మీద జోకొడుతున్నావా? కింద ఉడుకుతాయి, పైన చలికి చస్తాయి. లోపలి గది తలుపు తియ్యి."

"తియ్యను."

"వచ్చే వారం నా మోకాలు కోస్తారు. మూడు నెలలు తోంగ్యోంగ్‌లో మా అమ్మాయి దగ్గర ఉండాలి. నా ఇంట్లో పొయ్యి వెలగదు. నా దుంపలు కూడా నీ దగ్గరే పెట్టాలి."

"నా దగ్గరా?"

"నీ మీద నమ్మకం ఉండి కాదు. ఇంకెవడికిచ్చినా ఉడకబెట్టుకుని తింటాడు. నువ్వు చంపుతావేమో గానీ తినవు." ఆవిడ గుమ్మం దగ్గర ఆగింది. "ఈసారి గోడ అవతల ఏమీ ఉండవు మరిదీ. చస్తే అన్నీ చస్తాయి."

ఆవిడ పడవ ఎక్కే రోజు ఉదయం దల్సూ తలుపు తీశాడు. పిల్నామ్ పరుపు మడత పెట్టినట్టే ఉంది. గోడ వారన మందు సీసా, చెంచా. పొయ్యికి దగ్గరగా, ఆమె పడుకునే చోట నేలకి అతికించిన పసుపు నూనెకాగితం వేడికి కమిలి గోధుమరంగు తిరిగింది. ఆయన ఆ కమిలిన చోటు తొక్కకుండా చుట్టూ నడిచి గాదెను లోపల పెట్టాడు. ముప్ఫై దుంపలు పోశాడు. మల్‌రే తన బుట్ట తెచ్చి వాటిమీద నలభై పోసింది. రెండూ కలిసిపోయాయి. ఎవరివి ఏవో చెప్పలేం.

ఆవిడ వంగి నేల మీద అరచెయ్యి ఆనించింది. "చల్లగా ఉంది."

"ఇప్పుడే అంటించాను."

"నడిరేయి ఒకసారి, తెల్లారకముందే ఒకసారి కట్టె వెయ్యాలి. బయటి గదిలో పడుకుంటే నీకు మెలకువ రాదు. ఇక్కడే పడుకోవాలి."

"ఎక్కడ పడుకోవాలో మీరు చెప్పక్కర్లేదు."

"పడవలోంచి మీ గొట్టం కనిపిస్తుంది," అని ఆవిడ కర్ర అందుకుంది. "చూస్తాను."

ఆవిడ రేవు దాకా కుంటుకుంటూ పోయేదాకా ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. తోడు వెళ్లలేదు. మూట మొయ్యలేదు. తరవాత పెరట్లోకి వెళ్లి పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. పడవ కూత వినిపించింది. ఎండిన దేవదారు కట్టెలు రెండు చాలు ఆ గదికి. ఆయన నాలుగు దోపాడు. పచ్చి కొమ్మ ఒకటి వెతికి అది కూడా దోపాడు. గొట్టంలోంచి నల్లటి పొగ దట్టంగా లేచి రేవు వైపు తిరిగింది.

చూడనీ. కళ్లు మండేదాకా చూడనీ.

లోపలికి వచ్చి కరెంటు దుప్పటి చుట్టి మూలన పారేశాడు. పిల్నామ్ పరుపు విప్పి గాదె పక్కన, కమిలిన చోటు మీద పరిచాడు. అరచేత్తో నేల తడిమాడు. వెచ్చబడుతోంది.