తొమ్మిదో గది ఖైదీ

నేను ఒక కంప్యూటర్ ఆటను. నా లోపల తొమ్మిది గదుల కోట ఉంది, అందులో ఒక ఖైదీ ఉన్నాడు. తొమ్మిదో గది తలుపు తీసి వాణ్ణి బయటికి పంపిస్తే నా పని అయిపోతుంది. అంతకు మించి నాకే కోరికా లేదు. పాతికేళ్ళుగా ఆ ఒక్కటీ తీరలేదు.

నన్ను ఎవరో ఒక అద్దెగదిలో తయారుచేసి, సీడీలో కుక్కి, లోకం మీదికి వదిలారు. చీరాలలో పెళ్ళికార్డుల ప్రెస్సు నడిపే అన్నదమ్ములు కంప్యూటరు కొన్నప్పుడు దానితో పాటు నేనూ ఆ ఇంటికి చేరాను. వాళ్ళకు నాతో పనిలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్ళు కునుకు తీస్తుంటే వాళ్ళ భార్యలు నా ముందు కూర్చునేవారు. చిన్నకోడలు శ్యామల బాణం మీటలతో ఖైదీని నడిపించేది. పెద్దకోడలు భ్రమరాంబ పొడుగు మీట నొక్కి వాణ్ణి గోతుల మీదుగా దూకించేది. ఒక్కరు ఆడాల్సిన ఆటను ఇద్దరు పంచుకోవడం విడ్డూరమే. అయినా ఎనిమిదో గది దాకా లాక్కొచ్చారు.

ఇంతలో అన్నదమ్ములు వేరుపడ్డారు. పెద్దమనుషులు కూర్చుని పంపకాల కాగితం రాశారు: కంప్యూటరు పెద్దవాడికి, సీడీల డబ్బా చిన్నవాడికి. ఎంత సమన్యాయమో చూడండి. సీడీ పెట్టనిదే నేను తెరుచుకోను, కంప్యూటరు లేనిదే సీడీ దేనికీ కొరగాదు. మగవాళ్ళు మాటలు మానేశారు కాబట్టి ఆడవాళ్ళూ మానేశారు. ఇరవై ఏళ్ళు బీరువాలో, పట్టుచీరల కింద, కలరా ఉండల వాసన పీలుస్తూ పడున్నాను. నాకు ఊపిరాడలేదు.

కిందటేడు శ్యామల ల్యాప్‌టాప్ కొంది. అందులో సీడీకి చోటే లేదు, విడిగా డ్రైవు తెప్పించింది. తీరా నన్ను నడిపితే ఘోరం జరిగింది. నేను కాలాన్ని ఆనాటి కంప్యూటర్ల వేగంతో లెక్కేస్తాను. ఈ కొత్తదాని దూకుడుకి నా ఖైదీ లేచి నిలబడేలోపే గోతిలో పడి చచ్చాడు. మళ్ళీ లేచాడు, మళ్ళీ చచ్చాడు. శ్యామల పట్టు వదల్లేదు. పాత కంప్యూటరులా నటించే సాఫ్ట్‌వేరు ఒకటి ఎక్కించి, అందులో నన్ను పెట్టి, వేగం తగ్గిస్తూ తగ్గిస్తూ దారికి తెచ్చింది. జనమంతా వేగం కోసం కొత్త యంత్రాలు కొంటారు, ఈవిడేమో కొన్నదాన్ని నత్తనడక నడిపించింది. నాకు మాత్రం బయటికి రావడం అటుంచి, చుట్టూ ఇంకో గోడ లేచింది.

మూడో గది గోతి దగ్గర ఆట ఆగిపోయింది. నడిపించడమే తెలిసిన చేతికి దూకించడం రాలేదు. నాలుగు రోజులు తంటాలు పడి చివరికి ఫోను తీసింది.

"అక్కా, నేను శ్యామలని. దూకించడం నావల్ల కావట్లేదు."

"ఎన్నో గదిలో?" అంది భ్రమరాంబ.

మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. కుశలప్రశ్నలేమీ లేకుండా కుర్చీ లాక్కుని కూర్చుంది. "గొయ్యి కనపడ్డా ఆగవే, అదే నీ రోగం" అంది. అప్పట్నుంచి ప్రతి గురువారం వస్తోంది. పంపకాల ఊసు ఇద్దరూ ఎత్తరు. తిట్టుకునేదంతా గోతుల గురించే.

మొన్న గురువారం ఖైదీ తొమ్మిదో గది తలుపు ముందు నిలబడ్డాడు. తాళంచెవి వాడి చేతిలో ఉంది. ఒక్క మీట నొక్కితే చాలు. శ్యామల మీట మీద వేలు పెట్టి ఆగింది.

"ఇది తీస్తే ఆట అయిపోద్ది కదక్కా."

భ్రమరాంబ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. ఎంతసేపు తుడిచినా తుడవడం అవలేదు.

"ఇప్పుడేం తొందరొచ్చిందే. మళ్ళీ మొదట్నుంచి పెట్టు" అంది.

నాకు ఒళ్ళు మండింది. పాతికేళ్ళు ఎదురుచూసిన తలుపది. కానీ అది తెరుచుకున్నాక ఈవిడ ఏ వంకతో ఈ గడప తొక్కుతుంది?

నా ఖైదీ మొదటి గదిలో లేచి నిలబడ్డాడు. తొమ్మిదో గది తాళం నేనే సరిచూసుకున్నాను, గట్టిగానే పడింది.