నిదానం మేస్త్రీ

లియావ్ జిన్‌ష్వే డిస్క్‌ను తువ్వాలు మీద పెట్టి మరలు బిగించాడు, విప్పాడు, మళ్లీ బిగించాడు. పొట్టి మెడ, ఎప్పుడూ చెమర్చే అరచేతులు. తైపేలో వంతెన కింది నేలమాళిగ కంప్యూటర్ బజారులో ఆయన్ని అందరూ నిదానం మేస్త్రీ అంటారు. అది మర్యాదకు పెట్టిన పేరని నమ్మేది ఆయనొక్కడే.

ఎదుట స్టూలు మీద ఫాంగ్ కూర్చుంది. పెళ్లి ఫొటోల స్టూడియో ఆమెది. ఈ సాయంత్రమే ఒక పెళ్లి విందు. హోటల్ గుమ్మంలో పెళ్లికూతురి నిలువెత్తు ఫొటో నిలబడకపోతే ఆ ఇంటి పరువు, ఈమె స్టూడియో రెండూ గంగలో కలుస్తాయి. ఫొటోలున్నది ఈ ఒక్క డిస్క్‌లోనే. అది నిన్నటి నుంచి మూలుగుతోంది.

"మధ్యాహ్నానికి నా చేతిలో పడాలి మేస్త్రీ. ప్రింటువాడు కాచుక్కూర్చున్నాడు."

"పడతాయమ్మా. తొందరపడితేనే పాడవుతాయి."

కొట్టు యజమాని చువాంగ్ ఆయనకు బావమరిది. లోపలి నుంచి అరిచాడు. "బావా, కొత్త తీగ వేసి డీఎంఏలో పెట్టు. డిస్క్ సరుకంతా తిన్నగా మెమరీలోకి దించేస్తుంది. అది చచ్చేలోగా లాగేసుకోవాలి. ఇదీ పోగొట్టావంటే రేపట్నుంచి రావద్దు, అక్క ఏడ్చినా సరే!"

"సరే, సరే" అన్నాడు లియావ్. చువాంగ్ గిరాకీ వైపు తిరగగానే పాత తీగతోనే పీఐఓలో పెట్టాడు. అందులో ప్రతి ముక్కనూ ప్రాసెసరే మోసుకురావాలి. నత్తనడకే, కానీ తెర మీద తప్పుల హెచ్చరికలు రావు. ఆయనకు కావలసింది అదే. వేగంగా లాగుతుండగా పోతే తప్పు తనది, నెమ్మదిగా లాగుతుండగా పోతే తప్పు డిస్క్‌ది. ఏ ఫొటోలు ముందు కావాలో అడగనైనా లేదు. పాత పెళ్లిళ్లతో సహా మొదటి నుంచి వరసగా పెట్టాడు.

బతుకంతా ఇదే తీరు. సిన్‌చూ ఊరి ఫ్యాక్టరీవాళ్లు పిలిచి ఉద్యోగమిస్తామంటే ఆలోచించి చెబుతానన్నాడు. చెప్పేసరికి ఆ కుర్చీలో ఇంకొకడున్నాడు. కొడుక్కి జ్వరమొస్తే రేపు చూద్దామన్నాడు. ఆ అబ్బాయికి ఇప్పటికీ ఒక చెవి వినపడదు. దీన్నంతా ఆయన ఓర్పు అంటాడు. వింటే నాకు ఒళ్లు మండుతుంది. పిరికితనానికి ఇంత మంచి పేరు పెట్టుకున్నవాణ్ణి నేనింకెక్కడా చూడలేదు.

తెర మీద నీలిగీత పాకుతోంది. ఆయన అన్నం డబ్బా తెరిచి, వేయించిన పంది పక్కటెముకను తాపీగా చీకాడు.

"సగమైనా కాలేదేంటి మేస్త్రీ?"

"వస్తోందిగా అమ్మా. టీ తాగుతారా?"

అప్పుడే డిస్క్ టిక్కుమంది. మళ్లీ టిక్కు, టిక్కు. ఆ తర్వాత చప్పుడు లేదు. గీత ఆగిపోయింది.

చువాంగ్ వచ్చి తెర మీద పీఐఓ అన్న మాటనూ పాత తీగనూ చూశాడు. చివరిగా వచ్చిన ఫొటో, ఈ సాయంత్రపు పెళ్లివాటిలో మొదటిది, తెరిచాడు.

"ఆయన చెప్పినట్టు చేసుంటే?" అని లియావ్‌ను అడిగింది ఫాంగ్.

"ఈపాటికి ప్రింటయి ఉండేవి మేడం" అన్నాడు చువాంగ్.

"డిస్కే పాతదమ్మా" అన్నాడు లియావ్.

ఫాంగ్ లేచి సంచి భుజానికి తగిలించుకుంది. "మూతికి నూనె అంటుకుంది, తుడుచుకోండి" అని వెళ్లిపోయింది.

లియావ్ తుడుచుకున్నాడు. చెప్పులు వేసుకుని మెట్ల దాకా నడిచి, ఎవరైనా ఆగమంటారేమోనని కాసేపు నిలబడ్డాడు. చివరికి పైకెక్కి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు.

బల్ల మీద తెర వెలుగుతూనే ఉంది. అందులో పెళ్లికూతురి మేలిముసుగు, నుదురు, కళ్లు, ముక్కు దాకా దిగాయి. ఆ కింద నవ్వు ఉండవలసిన చోటంతా బూడిద రంగు.