మంగళవారం చేపలు

మా అన్నయ్య చేపను పడితే దాని నుదుటి మీద ముద్దు పెట్టి మళ్ళీ ఏట్లో వదిలేస్తాడు. నవ్వకండి, నిజం. గాలం వేసేవాళ్ళ క్లబ్బుకు ఆయన కార్యదర్శి. ఆ క్లబ్బులో ఎవరూ చేపను ఇంటికి పట్టుకెళ్ళరు, వండుకోరు. పట్టడం, తూచడం, ఫొటో దిగడం, వీపు రెక్క పక్కన నంబరున్న పసుపు బిళ్ళ ఒకటి గుచ్చి వదిలేయడం, అంతే వాళ్ళ సరదా. అదే చేప మళ్ళీ ఎప్పుడైనా పడితే బిళ్ళ చూసి ఎంత పెరిగిందో రాసుకుంటారు. ఏటిని తమకంటే ఎక్కువ ప్రేమించేవాళ్ళు భూమ్మీద లేరని వాళ్ళ నమ్మకం. మొన్నమొన్నటిదాకా నా నమ్మకమూ అదే. అందుకే నాకింత మంట.

నాది గాలాల దుకాణం. నాన్న పెట్టింది, ఆయన తర్వాత నేను చూసుకుంటున్నాను. రీళ్ళు విప్పి కడిగి నూనె వేస్తాను, దారాలు ఎక్కిస్తాను, ఏ ఎర ఏ నీళ్ళకో చెబుతాను. క్లబ్బు వాళ్ళు ఏది కొన్నా నా దగ్గరే కొంటారు. తూచే కాటాలు కూడా. చేతిలో ఇమిడే స్ప్రింగు కాటా, కింద ఒక కొక్కెం. ఆ కొక్కేన్ని చేప దవడకు తగిలించి పైకెత్తితే ముల్లు బరువు చూపిస్తుంది. ఎలా వాడాలో ప్రతి ఒక్కరికీ నేనే చేసి చూపించాను, ఇంత తేలికైనది ఇంకెక్కడా దొరకదని గొప్పలు కూడా పోయాను.

ఏటికి ఎగువన ఒక మడుగుంది. పెద్ద చేపలు గుడ్లు పెట్టడానికి అక్కడికే వస్తాయి. ఆ రెండు నెలలూ మడుగులో గాలం వేయకూడదని మత్స్యశాఖ వాళ్ళ నిషేధం ఎప్పటినుంచో ఉంది. ఈ ఏడు మా అన్నయ్య దాని మీద అర్జీ పెట్టాడు. మేము చేపలను చంపము, వదిలిన ప్రతి చేపా బతుకుతుంది, కాబట్టి మా క్లబ్బు సభ్యులకు మినహాయింపు ఇవ్వండి అని. అసలు సంగతి ఏమిటంటే, మిగతా పది నెలలూ ఎంత గింజుకున్నా దొరకని బరువైన చేపలు ఆ రెండు నెలల్లో ఒకేచోట ఉంటాయి. బుధవారం విచారణ. క్లబ్బు తరఫున మాట్లాడేవాళ్ళలో మూడో పేరు నాది. నేనేం చెప్పాలో అన్నయ్యే కాగితం మీద రాసిచ్చాడు.

ఇక మా ఆయన సంగతి. ఊరికి నీళ్ళు తోడే పంపుహౌసులో ఆపరేటరు. మడుగుకు దిగువన ఒక మైలు దూరం. ఏటి నీళ్ళు లోపలికి వచ్చేచోట ఇనుప ఊచల అడ్డుంటుంది. కొట్టుకొచ్చిన కొమ్మలు, సంచులు, సీసాలు అక్కడ ఆగిపోతాయి. రోజూ పొద్దున్నే ఆయన పళ్ళున్న పొడవాటి దంతెతో వాటిని పైకి లాగి ఊచలు శుభ్రం చేస్తాడు. పుట్టి బుద్ధెరిగాక గాలం ముట్టుకోలేదు. అందుకని క్లబ్బు వాళ్ళకు ఆయనంటే వేళాకోళం. బావకు చేప అంటే గిన్నెలో ఉండేదేనని అన్నయ్య అనేవాడు. క్లబ్బు అధ్యక్షుణ్ణి అందరూ టోపీ మాస్టారు అంటారు, స్నానానికి కూడా టోపీ తీయడని మాకు అనుమానం. ఆయనైతే ఏటి గట్టున ఉద్యోగం చేస్తూ ఏరంటే ఏమిటో తెలియని మనిషిని ఇతన్నే చూశానని జాలిపడేవాడు. మా ఆయన చిన్నగా నవ్వి ఊరుకునేవాడు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వేదాన్ని. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

సోమవారం మధ్యాహ్నం ఒక పాత రీలుకు చిన్న మరమేకు కావలసి వచ్చింది. అలాంటివి మా ఆయన పంపుహౌసు బల్ల సొరుగులో డబ్బాల్లో దాస్తాడు. వెళ్ళి ఒక్కో డబ్బా మూత తీస్తున్నాను. మూడో డబ్బాలో మరలు లేవు. పసుపు బిళ్ళలున్నాయి, అడుగు నుంచి అంచు దాకా.

ఇవేమిటండీ అని అడిగాను. ఆయన పంపు చప్పుడులోంచే తల తిప్పి చూశాడు.

“అవా? మంగళవారం చేపలవి.”

మంగళవారం చేపలేమిటి అన్నాను. ఆయన మోటారు పక్కనుంచి లేచి వచ్చి, ఇందులో అడగాల్సిందేముందన్నట్టు చెప్పాడు. ఆదివారం క్లబ్బు వాళ్ళు గాలాలు వేస్తారు. మంగళవారం పొద్దునకు ఊచల దగ్గరకు చచ్చిన చేపలు వస్తాయి. ఒకటో రెండో బుధవారం వస్తాయి. వాన పడితే ఆలస్యమవుతుంది. వాటిని లాగి వెనక గోతిలో పూడుస్తాడు. ప్లాస్టిక్కు మట్టిలో కలవదు కాబట్టి బిళ్ళలు పీకి డబ్బాలో వేస్తాడు. నాలుగేళ్ళుగా వేస్తున్నాడు. బిళ్ళలు రాకముందు కూడా చేపలు వచ్చేవట.

అక్కడే స్టూలు మీద కూర్చుని లెక్కపెట్టాను. అరవై మూడు. క్లబ్బు వాళ్ళకు ఈ నాలుగేళ్ళలో రెండోసారి దొరికినవి తొమ్మిదే. ఎందుకంత తక్కువని ఎవరైనా అడిగితే అన్నయ్య దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. చేపలు తెలివిమీరాయి, ఒకసారి పడ్డది మళ్ళీ గాలం జోలికి రాదు అనేవాడు. అదేదో తాను పాఠం చెప్పి పంపినట్టు మురిసిపోతూ అనేవాడు.

ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదని మా ఆయన మీద ఇంతెత్తున లేచాను. ఆయన దంతె గోడకు ఆనించి, చేతులు తుడుచుకుని, నా మొహంలోకి చూశాడు.

“ఎవరడిగారు? చేపల సంగతి మీవాళ్ళకి తెలిసినంత నాకేం తెలుసు? పట్టేచోట కొన్ని పోతాయని వాళ్ళకి తెలిసే ఉంటుందనుకున్నా.”

నాలుగేళ్ళు ఆ మనిషిని చేతకానివాడి కింద జమకట్టిన ఇంట్లో, ఆయన నోరు తెరిచి ఏం చెబుతాడు? చెప్పినా ఎవరం వింటాం?

తర్వాత ఆయనే ఇంకో సంగతి చెప్పాడు. వచ్చేవన్నీ పెద్దవేనట, చిన్నవి రావట. అన్నిటికీ దెబ్బ ఒకేచోట ఉంటుందని తన గడ్డం కింద వేలు పెట్టి చూపించాడు. చిన్న చేపలను ఎవరూ తూచరు. పెద్దవాటినే కొక్కేనికి వేలాడదీస్తారు. నీళ్ళలో ఉన్నంతసేపూ చేప బరువును నీళ్ళే మోస్తాయి. పైకెత్తి దవడ మీద వేలాడదీస్తే ఆ బరువంతా దవడ మీద పడుతుంది, లోపల ఏవేవి తెగుతాయో పైకి కనబడదు. వదలగానే తోకాడిస్తూ వెళ్ళిపోతుంది. గట్టున వీళ్ళు చప్పట్లు కొడతారు. అది ఎక్కడో చాటుకు పోయి చస్తుంది. ఆ కొక్కేలు ఒక్కొక్కటీ నా చేత్తో కాగితంలో చుట్టి ఇచ్చినవే.

సాయంత్రం డబ్బా పట్టుకుని అన్నయ్య ఇంటికి వెళ్ళాను. ఆదివారం పోటీలో పెద్ద చేప ఆయనకే పడింది. ఆ ఫొటో చట్రంలో బిగిస్తున్నాడు. పొట్ట ఉబ్బిన ఆడచేప, కొక్కేనికి నిలువుగా వేలాడుతోంది, పక్కన ఈయన పళ్ళన్నీ బయటపెట్టి. బిళ్ళలు బల్ల మీద కుమ్మరించాను. ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి, ఇవి ఊడిపోతుంటాయి చెల్లీ, మనం గుచ్చడంలో లోపం, వచ్చే ఏడు మంచి రకం తెప్పిద్దాం అన్నాడు. ఊడిన బిళ్ళలు కాదు, బావ పీకినవి అన్నాను. బావ పొరబడి ఉంటాడు, ఏదో ఫ్యాక్టరీ నీళ్ళకు చచ్చిన చేపలై ఉంటాయి, ఆయనకేం తెలుసు అన్నాడు. ఆ చివరి మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. నాన్న పోయాక అన్నయ్య మీద గొంతు లేపడం అదే మొదటిసారి. వదిన వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

“రేపు మంగళవారం,” అన్నాను. “ఆరింటికి పంపుహౌసుకి రా. నీకన్నీ తెలుసుగా, వచ్చి చూసి చెప్పు.”

వచ్చాడు. అది మాత్రం ఒప్పుకోవాలి. నా నోరు మూయించడానికే వచ్చినట్టు, చేతులు కట్టుకుని సిమెంటు గట్టు మీద నిలబడ్డాడు. మా ఆయన ఎప్పటిలాగే దంతె దించాడు. మొదట ఆకులు, చిరిగిన సంచి, చెప్పు ఒకటి. నాలుగోసారి దంతె బరువుగా లేచింది. రెండు చేతులతో లాగి దాన్ని గట్టు మీద నెమ్మదిగా పెట్టాడు. ఆదివారం ఫొటోలో ఉన్న ఆడచేపే. బిళ్ళ నంబరు నూట పద్దెనిమిది.

అన్నయ్య ఆ నంబరు చదవడానికి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. దవడ కింద చర్మం చీలి వేలాడుతోంది. పట్టుకున్న చోట పొట్ట నొక్కుకుని గుడ్లు బయటికి వచ్చి ఆయన వేళ్ళకంటుకున్నాయి.

“బాగానే వెళ్ళిందే,” అన్నాడు. “తోకాడించుకుంటూ వెళ్ళింది. అందరం చూశాం.”

నాకు జాలేసింది, అబద్ధం చెప్పను. నెమ్మదిగానే చెప్పాను. అన్నయ్యా, తప్పు నీ ఒక్కడిదే కాదు, కొక్కెం అమ్మింది నేను, ఆ అర్జీ వెనక్కి తీసుకో, గుడ్లతో ఉన్నవాటిని ఆ రెండు నెలలైనా వదిలేద్దాం అన్నాను. మా ఆయన గోతి తవ్వడానికి పక్కకు వెళ్ళాడు. అన్నయ్య చూద్దాంలే అన్నాడు. కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కుని, ఆఫీసుకు టైమైందని వెళ్ళిపోయాడు. అర్థమైంది కదా, చాలు అనుకున్నాను. ఎంత వెర్రిదాన్నో చూడండి.

బుధవారం మత్స్యశాఖ ఆఫీసులో విచారణ గది నిండిపోయింది. క్లబ్బు వాళ్ళు ఇరవైమంది ఒకే రంగు చొక్కాలు వేసుకొచ్చారు, జేబు మీద చేప బొమ్మ. మా ఆయన వెనక గోడకానుకుని నిలబడ్డాడు. డబ్బా ఆయన చేతిలోనే ఉంది. అధికారిణి కళ్ళజోడు సర్దుకుని చెప్పండి అంది. అన్నయ్య లేచి అర్జీ విప్పాడు. చదివాడు. ఒక్క ముక్క మార్చలేదు. “మేము వదిలిన ప్రతి చేపా బతుకుతుంది” అన్న వాక్యం దగ్గర కనీసం గొంతు తడబడుతుందేమోనని చూశాను. తడబడలేదు.

తెలియక చేస్తే పోనీలే అనుకునేదాన్ని. నిన్న పొద్దున గుడ్లు కడుక్కున్న చేతులతోనే ఇవాళ ఆ కాగితం పట్టుకున్నాడు. తర్వాత టోపీ మాస్టారు లేచి ప్రకృతి గురించి పావుగంట చెప్పాడు. అప్పుడు నా పేరు పిలిచారు.

అన్నయ్య రాసిచ్చిన కాగితం మడిచి కుర్చీలో పెట్టి లేచాను. డబ్బా తెప్పించి అధికారిణి బల్ల మీద కుమ్మరించాను. ఊచల సంగతి, మంగళవారాల సంగతి, దవడల సంగతి, నిన్న వచ్చిన నూట పద్దెనిమిది సంగతి చెప్పాను. దుకాణంలోంచి తెచ్చిన కొత్త కాటా పక్కన పెట్టి, చేపలను చంపుతున్నది ఇది, వీళ్ళందరికీ దీన్ని అమ్మింది నేను, రాసుకోండి అన్నాను. ఇవన్నీ కనిపెట్టిన మనిషి అదిగో, ఆ గోడ దగ్గర ఉన్నాడు, నాలుగేళ్ళుగా మీరెవరూ అడగలేదు, కట్టుకున్న నేనూ అడగలేదు అన్నాను. గదిలో గోల లేచింది. ఇంటి గొడవలు ఇక్కడికి తెచ్చిందని ఎవడో అన్నాడు. ఎవడన్నాడో లేచి నిలబడి అనమన్నాను. ఎవరూ లేవలేదు.

అధికారిణి బిళ్ళల్లోంచి నూట పద్దెనిమిది ఏరి పట్టుకుంది. క్లబ్బు రిజిస్టరు తెప్పించి చూసింది. ఆ నంబరు ఎదురుగా “ఆరోగ్యంగా వదిలాము” అని అన్నయ్య దస్తూరీ. ఈ చేపను చచ్చాక మీరు చూశారా అని ఆయన్ని అడిగింది. ఆయన మాస్టారి వైపు చూశాడు, చొక్కాల వైపు చూశాడు, కిందికి చూశాడు.

“చూశాను,” అన్నాడు.

ఎప్పుడు అని అడిగింది. నిన్న అన్నాడు. ఆమె ఫైలు మూసి, నిషేధం ఉన్నది ఉన్నట్టే ఉంటుందని, కొక్కేనికి వేలాడదీసి తూచడం మానేదాకా ఈ క్లబ్బు నుంచి ఏ అర్జీ తీసుకునేది లేదని చెప్పింది.

బయట మెట్ల మీద టోపీ మాస్టారు నన్ను ఆపి, ఇకమీదట మీ దుకాణం గడప తొక్కేది లేదన్నాడు. తొక్కొద్దన్నాను. చొక్కాలన్నీ గుంపుగా అన్నయ్య పక్కనుంచే వెళ్ళాయి, ఒక్కడూ ఆయన భుజం మీద చెయ్యి వేయలేదు. అందరూ పోయాక ఆయన నా దగ్గరకు వచ్చాడు.

“ఇంతమందిలో నా పరువు తీయాలా? ఒక్క మాట, ఎవరూ లేనప్పుడు నాతో చెప్పి ఉంటే పోయేది కదా.”

“చెప్పాను అన్నయ్యా,” అన్నాను. “నిన్న. చేప నీ చేతుల్లోనే ఉంది.”

మా ఆయన వచ్చి, పంపు మార్చే టైమైంది, వెళ్దామా అన్నాడు. ఇద్దరం నడుచుకుంటూ వచ్చేశాము.