ఫొటోలో పడ్డ కాలు

కొత్త కోడలు బాల్కనీలో పాత బకెట్‌లో టమాటాలు పెంచి, ఆ ముచ్చటంతా బ్లాగులో రాసుకుంది. మొదటి కాయ ఎర్రబడిన రోజు మొగుడూ పెళ్ళాలు చేసిన హడావుడి కూడా వదల్లేదు.

ఒక ఆదివారం అత్తగారు ఫోను పట్టుకుని వచ్చింది. "అమ్మాయ్, టమాటాల మీద ఈయనెవరో ఎంత ముద్దుగా రాశాడో చూడు. రాస్తే ఇలా రాయాలి!"

చూస్తే అది అక్షరం పొల్లుపోకుండా తన రాతే. కింద మాత్రం ఎవరో మీసాలాయన బొమ్మ. కోడలికి ఒళ్ళు మండిపోయింది.

"ఇది నేను రాసిందే అత్తయ్యా! వీడు కొట్టేశాడు."

"నువ్వా?" అత్తగారు నమ్మీ నమ్మనట్టు కళ్ళజోడు సర్దుకుంది. కిందికి జరుపుతూ బకెట్ ఫొటో దగ్గర ఆగిపోయింది. మూలన వంకర చిటికెన వేలితో ఒక కాలు కనిపిస్తోంది. ఫొటో తీసేటప్పుడు పక్కకు తప్పుకోమని కోడలు ఎంత మొత్తుకున్నా కదలని కాలది.

"వీడి దుంప తెగ! ఇది మావాడి కాలే! కన్నదాన్ని, నాకు తెలీదూ?"

కొడుకుని పిలిచి, కాలు కుర్చీ మీద పెట్టించి, పక్కన ఫోను పెట్టి మరీ పోల్చుకుంది. కోడలు తన బ్లాగు లింకూ, అసలు ఫొటోనూ జతచేసి ఆ సైటు వాళ్ళకు ఫిర్యాదు పంపింది. ‘కాలు మా అబ్బాయిది’ అని చివర్లో అత్తగారు పట్టుబట్టి రాయించింది. సాయంత్రానికల్లా మీసాలాయన పేజీ మాయమైంది.

"ఇకమీదట ప్రతి ఫొటోలో నా కాలుండాల్సిందే," అన్నాడు మొగుడు కాలరెగరేస్తూ.

"ముందా గోళ్ళు కత్తిరించుకోరా," అంది అత్తగారు. "అమ్మాయ్, నువ్వు రాసినవన్నీ మొదట్నుంచీ చూపించు."

కోడలు ఆవిడ పక్కన కూర్చుని, చాటుగా ఆ వంకర వేలిని తన కాలితో మెల్లగా తొక్కింది.